చంద్రుడి మట్టికి నకలు: ఏ దుమ్ము ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?

తమిళనాడులోని నామక్కల్ జిల్లాలో సిత్తంపూండి అనే ఊరి చుట్టుపక్కల నేల మీదికి తేలిన తెల్లని రాయి ఒకటుంది. దాన్ని భూవిజ్ఞానులు అనార్థోసైట్ అంటారు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ రాయిని ఇస్రో తెప్పించుకుని, పిండి చేయించి, జల్లెడ పట్టించి, చంద్రయాన్-2 పరీక్షల కోసం బెంగళూరులో చంద్రుడి నేలను తలపించేలా పరిచింది. ఆ పొడి తయారీకి 2020లో పేటెంటు కూడా లభించింది. రోవర్ చక్రం ఎంత లోతుకు దిగబడుతుంది, ఎక్కడ జారుతుంది అన్న ప్రశ్నలకు ఆ పొడి నమ్మకంగా జవాబు చెప్పింది. అదే పొడిని కొలిమిలో పెట్టి, ఇందులోంచి ఆక్సిజన్ తీయగలమా అని అడిగితే వచ్చే జవాబును మాత్రం అంత సులువుగా నమ్మడానికి వీల్లేదు. చక్రానికి కావలసింది రేణువుల పరిమాణం, ఒరిపిడి. కొలిమికి కావలసింది ఆ రేణువు లోపల ఏయే పరమాణువులు ఏ స్థితిలో ఉన్నాయన్నది. చంద్రుడి మట్టిని ముడిసరుకుగా వాడుకోవాలన్న పరిశోధన ఇప్పుడు దాదాపు పూర్తిగా ఇలాంటి నకలు మట్టి మీదే నడుస్తోంది కాబట్టి, ఆ నకలు ఎక్కడ అసలును పోలి ఉంటుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో విడమరచి చూడటం అవసరం.

ముందు ఈ శ్రమ అంతా ఎందుకో చెప్పుకోవాలి. చంద్రుడి మీద ఆక్సిజన్ లేదని మనం మాట వరసకు అంటుంటాం. అక్కడ గాలి లేదన్నంతవరకే అది నిజం. అక్కడి మట్టి బరువులో 40 నుంచి 45 శాతం దాకా ఆక్సిజనే. కాకపోతే అది సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, ఇనుము, మెగ్నీషియంలతో ముడిపడి ఖనిజాల రూపంలో ఉంటుంది. ఆ ముడి విప్పగలిగితే మనిషి పీల్చుకోవడానికి సరిపోవడం సంగతి అటుంచి, అసలు లాభం రాకెట్‌కు. హైడ్రోజన్ ఇంధనంగా వాడే ఇంజన్‌లో ప్రతి కిలో హైడ్రోజన్‌కు సుమారు 6 కిలోల ఆక్సిజన్ కావాలి. మీథేన్ ఇంజన్‌లోనూ ఆక్సిజన్ బరువు ఇంధనం బరువుకు మూడు రెట్లకు పైనే ఉంటుంది. అంటే తిరుగు ప్రయాణానికి భూమి నుంచి మోసుకెళ్లాల్సిన బరువులో సింహభాగం ఆక్సిజన్‌దే. దాన్ని అక్కడే తయారు చేసుకోగలిగితే మోత ఎంత తగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మరి అసలు మట్టి మీదే ప్రయోగాలు చేయవచ్చు కదా అంటే, ఆ మట్టి చాలా తక్కువ. 1969 నుంచి 1972 వరకు ఆరు అపోలో యాత్రలు కలిసి తెచ్చినది 382 కిలోలు. సోవియట్ లూనా యంత్రాలు తెచ్చినది మొత్తం కలిపి మూడు వందల గ్రాముల చిల్లర. చైనా చాంగే-5 యాత్ర 2020లో 1,731 గ్రాములు, చాంగే-6 యాత్ర 2024లో చంద్రుడి అవతలి వైపు నుంచి 1,935 గ్రాములు తెచ్చాయి. వీటిలో పెద్ద భాగం రాబోయే తరాల కోసం దాచి ఉంచిందే. పరిశోధకులకు ఇచ్చేది గ్రాముల లెక్కన. ఒక కొలిమిని పరీక్షించడానికి కిలోలు, ఒక తవ్వే యంత్రాన్ని పరీక్షించడానికి టన్నులు కావాలి. అందుకే నకలు.

నకలు ఎందుకు కష్టమో తెలియాలంటే అసలు మట్టిని సూక్ష్మదర్శిని కింద చూసినంత దగ్గరగా చూడాలి. మన గోదావరి ఇసుక రేణువును నీరు వందల మైళ్లు దొర్లించి, అంచులు అరగదీసి గుండ్రంగా చేసి ఉంటుంది. చంద్రుడి మీద నీరు లేదు, గాలి లేదు. అరగదీసేవారు ఎవరూ లేరు. అక్కడ మట్టిని తయారు చేసింది ఉల్కల తాకిడి ఒక్కటే. పెద్ద ఉల్కలు రాయిని పగలగొడితే, కంటికి కనబడనంత చిన్నవి సెకనుకు కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆ పొడిని గుచ్చుతూ, తాకిన చోట కరిగించేస్తాయి. ఆ కరిగిన చుక్క గడ్డకట్టే లోపు చుట్టూ ఉన్న రేణువులను అంటించుకుని ఒక గాజు ముద్దగా మారుతుంది. నురగలాంటి బుడగలు, గాజు పెంకు పగిలినట్టుండే పదునైన అంచులు, కొక్కేల్లాంటి మొనలు ఉన్న ఈ ముద్దలను అగ్లూటినేట్లు అంటారు. చాలాకాలం ఉపరితలం మీద నానిన మట్టిలో సగానికి పైగా ఇవే ఉండవచ్చు. ఈ గాజులోనూ రేణువుల పై పొరలోనూ మీటరులో వంద కోట్లో వంతుల్లో కొలవాల్సినంత చిన్న ఇనుప బిందువులు పొదిగి ఉంటాయి. తుప్పు పట్టని, శుద్ధమైన ఇనుము అది. సగటు రేణువు పరిమాణం చూస్తే సుమారు 70 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక మందమంత. అందులోనూ బాగా సన్నని పొడి పాలు గణనీయంగా ఉంటుంది. అపోలో-17లో వెళ్లిన భూవిజ్ఞాని హారిసన్ స్మిట్‌కు ఈ దుమ్ము పీల్చాక ముక్కు దిబ్బడ వేసి, జలుబు చేసినట్టు అయింది.

ఇంకో రెండు తేడాలు కంటికి కనిపించవు గానీ కొలిమికి అవే ముఖ్యం. మొదటిది నీరు. భూమి మీది రాళ్లలో చాలావాటి ఖనిజ నిర్మాణంలోనే నీటి అణువులు ఇరుక్కుని ఉంటాయి. పొడి చేశాక గాలిలోని తేమ కూడా చేరుతుంది. చంద్రుడి మట్టి దాదాపు ఎండిపోయిందనే చెప్పాలి. రెండోది ఇనుము స్థితి. గాలి, నీరు ఉన్న భూమి మీద ఇనుములో కొంత భాగం ఎక్కువ ఆక్సిజన్‌తో ముడిపడి ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. తుప్పు రంగుకు కారణం అదే. చంద్రుడి మీద ఇనుము ఫెర్రస్ రూపంలో గానీ, లోహంగా గానీ ఉంటుంది. రెండూ ఇనుమే కదా అని సరిపెట్టుకుంటే ఆక్సిజన్ లెక్కల్లో తేడా ఎక్కడ వస్తుందో కాసేపట్లో చూద్దాం.

ఇప్పటిదాకా తయారైన నకలు మట్టి రకాలు చాలానే ఉన్నాయి. అమెరికాలో 1993లో వచ్చిన జేఎస్‌సీ-1 అన్నింటికంటే పేరు తెచ్చుకుంది. ఆరిజోనా రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి దగ్గరి అగ్నిపర్వత బూడిదను తవ్వి, ఆరబెట్టి, దంచి చేసిన పొడి అది. అందులో సగం దాకా సహజమైన గాజే ఉండటం దాని బలం. జపాన్ ఫ్యూజీ పర్వతం లావాతో ఒకటి, చైనా తన ఈశాన్య ప్రాంతపు అగ్నిపర్వత బూడిదతో ఒకటి, యూరప్ జర్మనీ బసాల్ట్ జాతి రాయితో ఒకటి చేసుకున్నాయి. ఇవన్నీ మనకు చంద్రబింబంలో నల్లటి మచ్చల్లా కనిపించే లావా మైదానాలకు దగ్గర. తెల్లగా మెరిసే మిగతా భాగం, అంటే ఉన్నత భూములు, వేరే రాతితో చేసినవి. కాల్షియం ఎక్కువగా ఉండే ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజమే అక్కడ ప్రధానం. అలాంటి రాయే అనార్థోసైట్. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌ఎస్-1 అనే నకలులో నాలుగింట మూడు వంతులు అనార్థోసైట్, మిగిలిన దానిలో చాలా భాగం గాజు ఎక్కువగా ఉన్న బసాల్ట్.

భూమి మీద అనార్థోసైట్ దొరకడమే అరుదు. దొరికినా అందులోని ప్లేజియోక్లేజ్‌లో కాల్షియంతో పాటు సోడియం కూడా కలిసి ఉంటుంది. సోడియం పెరిగితే ఖనిజం తక్కువ వేడికే కరుగుతుంది, వేడి పెంచితే ఆవిరై కొలిమి గోడలకు అంటుకుంటుంది. సిత్తంపూండి రాయి విలువ ఇక్కడే ఉంది. అందులోని ప్లేజియోక్లేజ్‌లో కాల్షియం పాలు చాలా ఎక్కువ, చంద్రుడి రాయికి అది బాగా దగ్గర. మన ఖమ్మం జిల్లా చీమలపాడు దగ్గర కూడా ఇలాంటి పురాతన అనార్థోసైట్ పొర ఉందని భూవిజ్ఞానులు 1970ల నుంచే రాస్తున్నారు. ఈ రాళ్లలో హార్న్‌బ్లెండ్ వంటి నీటిని ఇముడ్చుకున్న ఖనిజాలు కలిసి ఉండటం మాత్రం లోపమే. చక్రాల పరీక్షకు అది అడ్డు కాదు, కొలిమికి అడ్డు.

ఇప్పుడు కొలిమి దగ్గరికి వద్దాం. పాత పద్ధతుల్లో ఒకటి, తక్కువ వేడితో అయ్యేది హైడ్రోజన్ క్షయకరణం. దీనికి గురి ఇల్మనైట్ అనే నల్లని ఖనిజం. భీమిలి నుంచి శ్రీకాకుళం జిల్లా తీరం దాకా అలలు వెనక్కి పోతూ ఇసుక మీద నల్లని చారలు వదిలే చోట్లు చూసినవారికి ఇది కొత్తది కాదు. ఆ నల్లదనంలో పెద్ద వాటా ఇల్మనైట్‌దే. తెల్ల రంగుల తయారీకి వాడే టైటానియం దాన్నుంచే వస్తుంది. ఒక ఇనుప పరమాణువు, ఒక టైటానియం పరమాణువు, మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే ఇల్మనైట్. దాన్ని 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి హైడ్రోజన్ వాయువు పంపితే, ఇనుమును పట్టుకుని ఉన్న ఒక్క ఆక్సిజన్ మాత్రం విడిపోయి హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఆ నీటిని విద్యుత్తుతో విడగొడితే ఆక్సిజన్ చేతికొస్తుంది, హైడ్రోజన్ తిరిగి కొలిమికి వెళుతుంది.

లెక్క చూస్తే 152 గ్రాముల ఇల్మనైట్ నుంచి 16 గ్రాముల ఆక్సిజన్ వస్తుంది, అంటే పదో వంతు చిల్లర. లావా మైదానాల్లో టైటానియం బాగా ఉన్న చోట్ల కూడా మట్టిలో ఇల్మనైట్ పది శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. మిగతా ఇనుము ఖనిజాల నుంచి కొంత కలిసినా, మొత్తం మట్టి బరువులో 1 నుంచి 3 శాతం ఆక్సిజన్ దక్కడమే ఎక్కువ. ఒక మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. 2 శాతం దిగుబడి అనుకుంటే ఒక్కరి ఊపిరికే రోజూ 42 కిలోల మట్టిని తవ్వి, మోసి, ఎర్రగా కాల్చి, పారబోయాలి. ఈ పద్ధతిని 2008లో నాసా బృందాలు హవాయి దీవుల్లోని మౌనా కీ అగ్నిపర్వతం మీద, అక్కడి ఇనుము ఎక్కువగా ఉన్న మట్టితో యంత్రాల ద్వారా నడిపి చూశాయి, నీరు వచ్చింది.

నకలు మట్టి మన కళ్లు కప్పేది సరిగ్గా ఇలాంటి చోట. ఈ పద్ధతిలో విజయానికి కొలమానం కొలిమిలోంచి వచ్చే నీరు. నకలు మట్టిలో ముందే నీరు దాగి ఉంటే, హైడ్రోజన్ ఏ పనీ చేయకపోయినా వేడికి ఆ నీరు బయటికి వచ్చి దిగుబడిలో చేరిపోతుంది. అందుకే శ్రద్ధగల ప్రయోగశాలలు హైడ్రోజన్ పంపడానికి ముందు మట్టిని గంటల తరబడి వేడి చేసి ఆరబెడతాయి, ఆ దశలో ఎంత నీరు పోయిందో విడిగా లెక్క కడతాయి. ఇక ఫెర్రిక్ ఇనుము సంగతి. అందులో ఇనుముతో ముడిపడిన ఆక్సిజన్ ఎక్కువ, పైగా అది సులువుగా విడిపోతుంది. తీరపు ఇసుకలోని ఇల్మనైట్ వేల ఏళ్లు ఎండకూ తేమకూ నాని, ఇనుములో కొంత ఫెర్రిక్‌గా మారి ఉంటుంది. దాన్నే తెచ్చి నకలు మట్టిలో కలిపితే, చంద్రుడి ఇల్మనైట్ ఎన్నడూ ఇవ్వని ఆక్సిజన్‌ను అది ఇచ్చేస్తుంది. ప్రయోగం చేసినవారిది మోసం కాదు. రాయి చరిత్ర వేరు, అంతే. ఇంతకు మించి పెద్ద చిక్కు ఏమిటంటే, ఇప్పుడు అన్ని దేశాలూ గురిపెట్టిన దక్షిణ ధ్రువ ప్రాంతం ఉన్నత భూమి. అక్కడ ఇల్మనైట్ బాగా తక్కువ. లావా మైదానపు నకలు మీద బాగా పనిచేసిన యంత్రాన్ని యథాతథంగా అక్కడికి తీసుకుపోతే కాల్చిన మట్టి మాత్రమే మిగులుతుంది.

అందువల్ల చూపు సిలికేట్ల మీదకు మళ్లింది. ఇల్మనైట్‌తో పనిలేకుండా సిలికాన్‌ను పట్టుకున్న ఆక్సిజన్‌నే విడగొట్టాలంటే కార్బన్ కావాలి, 1,600 డిగ్రీలు దాటిన వేడి కావాలి. మట్టిని కరిగించి దాని మీదికి మీథేన్ పంపితే, మీథేన్‌లోని కార్బన్ ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి మళ్లీ మీథేన్‌గానూ నీరుగానూ మార్చి, ఆ నీటి నుంచి ఆక్సిజన్ తీస్తారు. 2023లో నాసా జాన్సన్ కేంద్రంలో సుమారు నాలుగున్నర మీటర్ల వ్యాసం ఉన్న శూన్య గదిలో, దుమ్ముతో పనిచేయడానికే సిద్ధం చేసిన చోట, సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలకు బదులుగా లేజర్ పెట్టి ఈ పని చేశారు. మట్టి కరిగింది, కార్బన్ మోనాక్సైడ్ వచ్చిందని పరికరాలు పసిగట్టాయి.

అంత వేడిని ఏ పాత్ర తట్టుకుంటుందన్న ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబు నాకు ఎంతో ముచ్చట గొలుపుతుంది: మట్టే పాత్ర. శూన్యంలో ఈ పొడి గుండా వేడి దాదాపు ప్రయాణించదు. చంద్రయాన్-3 ల్యాండర్ నేలలోకి గుచ్చిన ఛాస్టే అనే ఉష్ణమాపకం 2023 ఆగస్టులో పంపిన గీత చూడండి: పైన 50 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న వేడి, 8 సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి సున్నా కంటే దిగువకు పడిపోయింది. మన బెత్తెడు లోతులో ఎండాకాలం పోయి చలికాలం వచ్చినట్టు. అంచేత మట్టి కుప్ప మధ్యలో లేజర్ పడిన చోట కుతకుత ఉడికే ద్రవం ఉంటే, దాని చుట్టూ ఉన్న పొడి గట్టిగా నిలిచి మూసలా పనిచేస్తుంది. ఈ గుణాన్ని భూమి మీద పరీక్షించాలంటే గాలి తీసేసిన గదిలోనే చేయాలి. రేణువుల మధ్య గాలి ఉంటే అదే వేడిని మోసుకుపోతుంది. మంచి నకలు మట్టి ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని చుట్టూ శూన్యం కూడా నకలుగా ఉండాలి.

ఇదే మూస ఉపాయం కరిగిన మట్టి విద్యుద్విశ్లేషణలోనూ పనికొస్తుంది. ఇందులో మీథేన్, హైడ్రోజన్ లాంటి సాయం ఏదీ అక్కర్లేదు. 1,600 డిగ్రీల దరిదాపుల్లో కరిగిన మట్టిలోకి రెండు ధ్రువాలు దించి విద్యుత్తు పంపితే, ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్ బుడగలు లేస్తాయి, రుణ ధ్రువం దగ్గర ముందు ఇనుము, ఆ తర్వాత సిలికాన్, ఇంకా బలం పెంచితే అల్యూమినియం దిగుతాయి. ఆక్సిజన్ వేడివేడిగా ఉబికే చోట కరగకుండా, కాలిపోకుండా నిలిచే ధన ధ్రువం ఇరిడియం లాంటి అరుదైన లోహంతోనే సాధ్యమవుతోంది, అదే దీని బలహీనత. బ్లూ ఆరిజిన్ సంస్థ ఈ దారిలో నకలు మట్టి నుంచి సిలికాన్ తీసి, దాన్ని 99.999 శాతం దాకా శుద్ధి చేసి, సౌర ఘటాలు చేశామని 2023లో ప్రకటించింది. ఇక్కడ కూడా ఫెర్రిక్ ఇనుము ఊరికే ఉండదు: ద్రవంలో ఫెర్రస్‌గా, మళ్లీ ఫెర్రిక్‌గా మారుతూ రెండు ధ్రువాల మధ్య విద్యుత్తును వృథాగా మోస్తుంది. ఆక్సిజన్ రావాల్సిన చోట కరెంటు ఖర్చు మాత్రమే కనిపిస్తుంది. హైడ్రోజన్ పద్ధతిలో లేని దిగుబడిని చూపించిన అదే ఇనుము, ఈ పద్ధతిలో ఉన్న దిగుబడిని తగ్గించి చూపిస్తుంది. నకలులోని ఒకే లోపం ఒక యంత్రానికి పొగడ్తగానూ మరొకదానికి నిందగానూ మారుతుందన్నది నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న వాటిలో ముఖ్యమైనది.

వేడి తగ్గించుకోవాలనుకున్నవారు కరిగిన కాల్షియం క్లోరైడ్ లవణాన్ని ఆశ్రయించారు. కేంబ్రిడ్జ్‌లో టైటానియం కోసం పుట్టిన పద్ధతి ఇది. సుమారు 950 డిగ్రీల ఆ లవణంలో మట్టి కరగకుండా పొడిగానే ఉంటుంది. అందులోని ఆక్సిజన్ ఒక్కటే విడిపోయి లవణం గుండా ధన ధ్రువానికి చేరుతుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకురాలు బెత్ లోమాక్స్ బృందం యూరప్ అంతరిక్ష సంస్థతో, మెటాలిసిస్ కంపెనీతో కలిసి చేసిన ప్రయోగంలో 50 గంటల్లో నకలు మట్టి నుంచి 96 శాతం ఆక్సిజన్ బయటికి వచ్చింది; మిగిలినది లోహపు మిశ్రమం. 96 శాతం అన్న అంకె పత్రికల్లో బాగా తిరిగింది. ఆ పరిశోధన పత్రంలోనే రాసిన ఇంకో సంగతి అంతగా తిరగలేదు: మట్టిలోంచి వెళ్లిన ఆక్సిజన్‌లో వాయువుగా పట్టుబడింది మూడో వంతు మాత్రమే, మిగిలినది చాలావరకు పాత్ర గోడలను తుప్పు పట్టించడంలో ఖర్చయి ఉంటుందని వారే అన్నారు. మట్టిని వదిలిన ఆక్సిజన్ వేరు, సీసాలోకి చేరిన ఆక్సిజన్ వేరు. ఈ రంగంలో ఏ శాతం కనిపించినా అది ఈ రెంటిలో దేనిదో ముందు చూసుకోవడం నాకు అలవాటైంది.

ఆక్సిజన్ తీయడం ఒక పని అయితే ఇటుకలు చేయడం ఇంకో పని. మట్టిని పూర్తిగా కరగనివ్వకుండా, రేణువుల అంచులు ఒకదానికొకటి అతుక్కునేంత వరకే కాల్చడాన్ని సింటరింగ్ అంటారు. మన కుమ్మరి ఆవంలో జరిగేదానికి దగ్గరి చుట్టం. జర్మనీలోని కొలోన్ నగరంలో 147 వంపు అద్దాలతో ఎండను ఒక్క చోటికి చేర్చే సౌర కొలిమిలో, 2017లో నకలు మట్టిని పొరలు పొరలుగా 1,000 డిగ్రీల వేడిలో అతికించి, 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 3 మందం ఉన్న ఇటుకను సుమారు ఐదు గంటల్లో తయారు చేశారు. చైనా 2024 నవంబరులో ఇలాంటి నకలు ఇటుకలను తన అంతరిక్ష కేంద్రానికి పంపి, మూడేళ్ల పాటు బయటి వాతావరణానికి వదిలి చూసే పని మొదలుపెట్టింది.

ఎండకు బదులు మైక్రోవేవ్ వాడితే ఏమవుతుందన్నది నకలు మట్టి చరిత్రలో అన్నింటికంటే బుద్ధి చెప్పే ఘట్టం. అమెరికా భూవిజ్ఞాని లారీ టేలర్ చంద్రుడి అసలు మట్టిని ఇళ్లలో వంటకు వాడే మైక్రోవేవ్ పౌనఃపున్యంలోనే, అంటే 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంచితే, అది ఆశ్చర్యపోయేంత వేగంగా వేడెక్కి కరిగింది. నకలు మట్టి మాత్రం ఆ తీరున స్పందించలేదు. కారణం అగ్లూటినేట్ల గాజులో పొదిగిన ఆ ఇనుప బిందువులే అని టేలర్ వివరించాడు: విడివిడిగా గాజులో చిక్కుకున్న లోహపు చుక్కలు మైక్రోవేవ్ శక్తిని పీల్చి చుట్టూ వేడి పంచుతాయి. అగ్నిపర్వత బూడిదలో అలాంటి బిందువులు లేవు. నకలు మీద మాత్రమే చేసి చూసి ఉంటే ఈ పద్ధతి పనికిరాదని తోసేసేవారే. ఆ బిందువులను ప్రయోగశాలలో గాజులో కృత్రిమంగా పుట్టించే ప్రయత్నాలు తర్వాత జరిగాయి గానీ, టన్నుల లెక్కన అలాంటి మట్టి చేయడం ఇప్పటికీ ఖరీదైన వ్యవహారమే.

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో కలిసి 2020లో చూపిన దారిలో కొలిమే లేదు. స్పోరోసార్సినా పాశ్చురీ అనే బాక్టీరియా యూరియాను విడగొట్టి, కాల్షియంతో కలిపి సున్నపురాయి స్ఫటికాలను పుట్టిస్తుంది. నకలు మట్టిలో దాన్ని పెంచితే ఆ స్ఫటికాలు రేణువులను సిమెంటులా పట్టి ఉంచుతాయి. ఇటుకకు గట్టిదనం పెంచడానికి వారు కలిపినది గ్వార్ జిగురు, అంటే మన పెరట్లో కాసే గోరుచిక్కుడు గింజల జిగురు. యూరియాను మనుషుల మూత్రం నుంచే తీసుకోవచ్చు. అంగారకుడి నకలు మట్టితో ఇదే చేయబోతే అందులో ఎక్కువగా ఉన్న ఇనుము బాక్టీరియాకు విషమైంది. నికెల్ క్లోరైడ్ కొంచెం కలిపాక దారికి వచ్చింది. అంగారకుడి మట్టిలో జీవులకు హాని చేసే పెర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని 2008లో ఫీనిక్స్ యంత్రం కనిపెట్టింది. వాటిని విడిగా కలపని నకలు మట్టిలో బాక్టీరియా గానీ, మొక్క గానీ హాయిగా పెరిగిందన్న వార్తను ఆ ఒక్క మాట గుర్తుంచుకుని చదవాలి.

మొక్కల విషయంలో అసలునూ నకలునూ పక్కపక్కన పెట్టి చూసిన అరుదైన ప్రయోగం 2022లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అపోలో 11, 12, 17 యాత్రల మట్టి 12 గ్రాములు వారికి దక్కింది. ఒక్కో మొక్కకు గ్రాముకు కాస్త తక్కువ మట్టి పెట్టి అరబిడాప్సిస్ అనే ఆవాల జాతి చిన్న మొక్క గింజలు నాటారు. పక్కనే జేఎస్‌సీ-1కు తర్వాతి రూపమైన జేఎస్‌సీ-1ఏ నకలులోనూ నాటారు. గింజలన్నీ మొలిచాయి. వారం తిరిగేసరికి తేడా కనిపించింది: నకలులో మొక్కలు బాగానే సాగితే, అసలు మట్టిలో వేర్లు కుంచించుకుపోయి, కొన్ని ఆకులు ఎర్రబారి, మొక్క లోపలి జన్యువులు ఉప్పునేలలోనో లోహపు విషంలోనో ఉన్నట్టు స్పందించాయి. ఎక్కువ కాలం ఉపరితలం మీద ఉండి అగ్లూటినేట్లు నిండిన అపోలో-11 మట్టిలో మొక్కల తీరు మరీ అధ్వానం. మూలకాల పట్టిక చూస్తే అసలూ నకలూ ఇంచుమించు ఒకటే. మొక్కకు ఆ పట్టికతో పని లేదు. వేరుకు తగిలింది పదునైన గాజు, అందులోని ఇనుము.

కొలిమి ముందు, కొలిమి తర్వాత జరిగే పనులకు పరిశోధన పత్రాల్లో తక్కువ చోటు దొరుకుతుంది గానీ, యంత్రం ఆగిపోయేది అక్కడే. భూమి మీద తవ్వే యంత్రం తన బరువుతో నేలను అదిమి పట్టి తవ్వుతుంది. ఆరో వంతు గురుత్వంలో అదే యంత్రం నేలను తవ్వబోతే తనే పైకి లేస్తుంది. నాసా రాసర్ అనే యంత్రంలో రెండు డ్రమ్ములను ఎదురెదురు దిశల్లో తిప్పి, ఒకదాని నెట్టుడు మరొకదానితో రద్దయ్యేలా చేశారు. తవ్విన మట్టి గరాటులోంచి కొలిమిలోకి జారాలి. రేణువుల మధ్య అతుకుదనం గురుత్వంతో పాటు తగ్గదు, రేణువు బరువు మాత్రం తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ సాఫీగా జారిన పొడి అక్కడ గరాటు మెడలో వంతెన కట్టి నిలిచిపోవచ్చు. విమానాన్ని విల్లులా ఎగరేసి దించేటప్పుడు దొరికే ఇరవై సెకన్ల చంద్ర గురుత్వంలో దీన్ని పరీక్షిస్తున్నారు. కాల్చిన మట్టిని బయటికి తీయడం, ఆ దుమ్ము తలుపుల రబ్బరు చుట్టలను కోయకుండా చూడటం ఇంకా తేలని పనులు.

2023 ఆగస్టు 23న విక్రమ్ దిగిన చోటు ఈ చర్చకు నేరుగా సంబంధించినది. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ ల్యాండర్ దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర దిగింది. అందులోంచి దిగిన ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్లు నడిచి, 23 చోట్ల ఎక్స్-రే పరికరంతో మట్టిని కొలిచింది. మట్టి ప్రధానంగా ఫెర్రోయన్ అనార్థోసైట్, అంటే ఉన్నత భూముల తెల్ల రాయి రకమే అని, నడిచిన దారంతా కూర్పు దాదాపు ఒకే తీరుగా ఉందని 2024లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. ధ్రువ ప్రాంతపు మట్టి కూర్పును అక్కడే నేల మీద నిలబడి కొలవడం అదే మొదటిసారి. ఇల్మనైట్ మీద ఆధారపడే కొలిమికి ఇది నిరాశ; అల్యూమినియం, కాల్షియం ఎక్కువగా ఉన్న, 1,500 డిగ్రీలు దాటితే గానీ కరగని మట్టి మీద పనిచేసే కొలిమికి ఇప్పుడు ఒక కచ్చితమైన గురి దొరికింది. సిత్తంపూండి పొడి కూర్పును ఆ 23 కొలతల పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు, సరిపోని చోట ఏ ఖనిజం ఎంత కలపాలో లెక్క కట్టుకోవచ్చు. రేణువుల అంచులు, గాజు ముద్దలు, ఇనుప బిందువులు ఎంతెంత ఉన్నాయన్నది మాత్రం ఎక్స్-రే కొలత చెప్పదు. దానికి ఆ మట్టి చేతికి రావాలి. చంద్రయాన్-4 ద్వారా చంద్రుడి మట్టిని భూమికి తెచ్చే పథకానికి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ డబ్బా తెరిచిన రోజున, ఒక గ్రాము అసలు మట్టినీ ఒక గ్రాము సిత్తంపూండి పొడినీ ఒకే చిన్న కొలిమిలో, ఒకే వేడిలో, ఒకదాని తర్వాత ఒకటి కాల్చి, ఏది ఎంత ఆక్సిజన్ ఇస్తుందో చూడాలి.